పెద్దాయన గుర్రుమనాలి

జూన్ 2

ఇవ్వను. ముందు ఈ ముక్క రాసి పెట్టుకుంటే మిగతాది తర్వాత రాయచ్చు. నా కుక్క స్పీడుని ఎవరికీ ఇవ్వను.

పొద్దున షాపుకి బయల్దేరే ముందు దాన్ని కిందికి దింపాను. గేటు దగ్గర వదిన కుక్క, పెద్దాయన, ఎండలో పడుకుని ఉన్నాడు. స్పీడుకి ఏడాది నిండలేదు. ఏ కుక్క కనబడినా ఒళ్ళు తెలియదు. తాడు లాక్కుని వెళ్ళి ఆయన నెత్తిన పడింది. ఆయన చడీచప్పుడు లేకుండా దాని చెవి కొరికేశాడు. రక్తం, అరుపులు, వదిన ఏడుపు. గడ్డం గీసుకుంటున్న అన్నయ్య మొహాన నురగతోనే వచ్చాడు. నెలాఖరులోగా దీనికి బుద్ధి రాకపోతే ఫ్రెండు తోటకి పంపించేస్తాడట. అక్కడ గొలుసేసి కట్టేస్తారట. అదీ నా మంచికేనట!

మేడమీది పోర్షన్ నాన్న నాకు రాసిచ్చాడు. మెట్లూ గేటూ ఉమ్మడి. ఉమ్మడి అంటే తనదని అన్నయ్య లెక్క.

జూన్ 5

స్పీడూ నేనూ కుక్కల ట్రైనర్ దగ్గరికి వెళ్ళాం. అతని మెడలో విజిల్, చేతిలో కుక్క మెడకి వేసే ముళ్ళ గొలుసు. ఇంకో కుక్క కనబడగానే ఒక్క గుంజు గుంజితే చచ్చినట్టు వింటుందట. చచ్చినట్టు వినే కుక్క నాకెందుకని అడిగాను. ఆడవాళ్ళు గారాబం చేసి చెడగొడతారన్నాడు. థాంక్స్ చెప్పి వచ్చేశాను. థాంక్స్ ఎందుకు చెప్పానా అని దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను.

జూన్ 6

నా కుడి చెప్పు తినేసింది. ఎడమది ముట్టలేదు.

జూన్ 9, సాయంత్రం

మా కళ్ళజోళ్ళ షాపులో ఒకావిడ అద్దాలు ఇంకొకాయన ఫ్రేములో బిగించేశాను. ఓనరు కళ్ళు పెద్దవి చేసి, నాకే టెస్టు చేయించాలన్నాడు.

వచ్చే దారిలో మైదానం గోడ మీద కూర్చుని వీధికుక్కల్ని చూశాను. ఒక్కటీ ఎదురుగా మొహం మీదికి రాదు. కాస్త చుట్టు తిరిగి పక్కనుంచి వస్తుంది, వాసన చూస్తుంది, పోతుంది. ఒక కుర్రది అతి చేస్తే పెద్దది పళ్ళు చూపించి గుర్రుమంది. కుర్రది మొహం తిప్పేసుకుంది. అంతే, గొడవ లేదు.

మరి నేనేం చేస్తున్నాను? కుక్క కనబడగానే తాడు బిగిస్తున్నాను. బిగించేకొద్దీ అది రెచ్చిపోతోంది. రేపటినుంచి బిగించను.

అన్నట్టు, ఆరోజు పెద్దాయన గుర్రుమనలేదేం?

జూన్ 10

వదిన్ని అడిగాను. బట్టలు మడతపెడుతూ, తలెత్తకుండా చెప్పింది. పెద్దాయన మొదట్లో గుర్రుమనేవాడేనట. అన్నయ్యకి పడేది కాదట. గుర్రుమన్నప్పుడల్లా బాత్రూంలో పడేసి గడియ పెట్టేవాడట. పోనుపోను పెద్దాయన గుర్రుమనడమే మానేశాడు. ఎంత నెమ్మదైన కుక్కో అని వచ్చినవాళ్ళంతా మెచ్చుకునేవాళ్ళట.

ఒళ్ళు మండిపోయింది. చెప్పే దారి మూసేస్తే ఇక కొరకడం తప్ప పెద్దాయనకేం మిగిలిందని గట్టిగా అడిగాను. వదిన లేచి కిటికీ మూసింది, అన్నయ్యకి వినబడకుండా.

జూన్ 14

మోకాళ్ళకి నడక మంచిదని అన్నయ్యకి చెప్పి, వదిన పెద్దాయన్ని మైదానానికి తెస్తోంది. ఆ చివర వాళ్ళు, ఈ చివర మేము. స్పీడు ఆయన్ని చూసి నా వైపు తిరిగితే రొట్టె ముక్క. తిరగకపోతే ఇంకాస్త వెనక్కి. గంటసేపు ఇదే పని. నా చేతులు తాడు మీద బిగుసుకుపోతున్నాయని వదినే గుర్తుచేస్తోంది. రోజూ కాస్త దగ్గరికి జరుగుతున్నాం.

జూన్ 19

అన్నాడు! గుర్రుమన్నాడు!

స్పీడు పక్కనుంచే వెళ్ళింది, కానీ వాసన చూడటం ఎంతకీ ఆపలేదు. ఆయన గొంతులోంచి సన్నగా మొదలైంది. వదిన చెయ్యి అలవాటుగా ఆయన మూతి మీదికి పోయింది. పట్టుకుని ఆపాను, అననివ్వమన్నాను. స్పీడు బొమ్మలా నిలబడిపోయి, మొహం తిప్పుకుని, అక్కడేదో పారేసుకున్నట్టు నేలంతా వెతికింది. కొరకడం లేదు, అరుపుల్లేవు. వదిన గుర్రుమన్నందుకు పెద్దాయనకే రొట్టె పెట్టింది. ఇద్దరం కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాం.

జూన్ 22

పెరట్లో పెద్దాయన గుర్రుమంటే అన్నయ్య విన్నాడు. నా కుక్క తన కుక్కని కూడా చెడగొట్టిందట. ఆదివారం తోటనుంచి వ్యాన్ వస్తుందట. నెలాఖరన్నావు కదా అంటే ఎదురు చెప్పొద్దన్నాడు. చెప్పాను. వీధి చివరిదాకా వినబడేలా చెప్పాను.

వదిన తలొంచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కోపమొచ్చింది నాకు. అన్నయ్య మీద కన్నా వదిన మీదే ఎక్కువ.

జూన్ 24, ఆదివారం

వ్యాన్ వచ్చింది. తాడు చేతికి చుట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. నన్నూ ఎక్కించుకు పొమ్మన్నాను. అన్నయ్య వచ్చి తాడు పట్టుకున్నాడు.

వదిన వంటింట్లోంచి వచ్చింది, తడి చేతులతోనే. మా మధ్య నిలబడి తాడు వదలమంది. అరవలేదు. ఆ గొంతు ఎక్కడో అడుగునుంచి వచ్చింది. అన్నయ్య ఏంటన్నాడు. మళ్ళీ అదే మాట, ఇంకా నెమ్మదిగా. ఈ ఇంట్లోంచి ఏ కుక్కా కదలదంది.

అన్నయ్య తాడు వదిలేశాడు. వ్యానతను మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయాడు.

జూన్ 25

వదిన మేడ మీదికొచ్చి నా మంచం మీద కూర్చుంది. నిన్నటి గొంతు తనదేనా అని అడిగింది. తలుపేసి, ఆ మాటే మళ్ళీ అని చూడమన్నాను. అంది.

స్పీడు మొహం పక్కకి తిప్పుకుంది.