రేపల్లె గేదె, నా బాణీ

జూన్ 2, సోమవారం. ఉదయం 6.

మొదలు! ఈ రోజు నుంచి నోటితో అనౌన్స్‌మెంటు చెయ్యను. ఒట్టు. నా గొంతు నా పాటకే.

ఈ నెల 22న బాపట్లకి ధ్వనిపుష్ప మ్యూజిక్ వాళ్ళు వస్తున్నారు. హైదరాబాద్ కంపెనీ. కొత్త గాయకుల్ని ఎంచుకుంటారు. సెలక్టయితే మన పాటని వాళ్ళే రికార్డు చేసి విడుదల చేస్తారు. పాట కింద మన పేరు పడుతుంది. పేరు!

నాలుగేళ్ళుగా తెనాలిలో మైకుసెట్ల షాపులో పని చేస్తున్నా. బాక్సులు మోస్తా, వైర్లు లాగుతా, ఆటోలో కూర్చుని ఊరూరా అరుస్తా. చీరల సేల్ నేనే. ఉచిత కంటి శిబిరం నేనే. "రేపు కరెంటు ఉండదు, గమనించగలరు" కూడా నేనే. తెనాలి నుంచి రేపల్లె దాకా నా గొంతు తెలియని కుక్క లేదు. అన్సార్ అనే పేరు తెలిసిన మనిషి లేడు. మైకు హారన్ల మీద ఉండేది ఓనరు పూర్ణచంద్రరావు గారి పేరు.

సంగీతం ఎవడూ నేర్పలేదు. రిపేరుకొచ్చిన కీబోర్డుల మీద నొక్కి నొక్కి నేర్చుకున్నా.

కంపెనీలో ఎంపిక చేసే ఆయన పేరు కృష్ణకాంత్. ఆయన వీడియో చూసి రాసుకున్నా. వాళ్ళకి కావలసినవి:

పాట సొంతం. ఎవరూ విని ఉండకూడదు.
పాట అప్పటికే జనం నోట్లో ఆడుతుండాలి.
వెనక ఒక కన్నీళ్ళ కథ.
ఫాలోయర్లు.

ఎంత స్పష్టంగా చెప్పాడు! మహానుభావుడు!

జూన్ 3

కాలవ గట్టు మీద గంట సాధన. వేడినీళ్ళు. గోలీసోడా బంద్.

పాట సిద్ధం. మాట నాదే, బాణీ నాదే:

రేపల్లె బండిలో రెండో పెట్టెలో
కనపడి పోయావే కాటుక కళ్ళదానా!

షాపులో చెప్పేశా. "ఓనర్ గారూ, ఇక నోటితో చెప్పనండి. బరువులు ఎన్నైనా మోస్తా. గొంతు మాత్రం ఇవ్వను."

"ఏంట్రా, గొంతుకి సెలవా? మరి కాళ్ళు, చేతులు డ్యూటీకి వచ్చినట్టేనా?"

"వచ్చాయండి."

"సంతోషం. వాటితో ఆ బ్యాటరీ దించు ముందు."

నవ్వుకోనీ. 22 తర్వాత నా పాట ఈయన బాక్సుల్లోనే మోగుద్ది.

జూన్ 5

పాట రీల్ పెట్టా. ఫాలోయర్లు అరవై ఒక్కమంది. మా చెల్లి షాహీనా అంటుంది: "భాయ్, అందులో నలభై మంది మన చుట్టాలు. మిగతావాళ్ళు లోన్ ఇస్తామనేవాళ్ళు." నోరు కాదు అది, రంపం.

కన్నీళ్ళ కథ కోసం ఇంట్లో వెతికా.

"అమ్మీ, మనింట్లో ఏడుపు కథ ఏమన్నా ఉందా?"

"ఉంది. నువ్వే."

మా నాన్న, అబ్బా, పరుపులు కుడతాడు. రోజంతా దూది దుమ్ములో దగ్గుతాడు. తిని హాయిగా పడుకుంటాడు. మాకు కష్టం లేదని కాదు. కథకి పనికొచ్చే కష్టం లేదు. రోజూ ఉండేది కథ కాదట!

జూన్ 7, బక్రీదు

బిర్యానీ. కూల్‌డ్రింకులు రెండు. పండగ పూట ఒట్టు వర్తించదు.

ఈద్గాలో నమాజు వేళ మైకులో చెప్పా. అది దేవుడి పని, అనౌన్స్‌మెంటు కాదు.

జూన్ 10

సంగం జాగర్లమూడిలో వెంకటకృష్ణయ్య అనే పెద్దాయన పోయాడు. అంతిమయాత్ర వేళ చెప్పి వచ్చా. శవాన్ని ఆపి "నాకు ఆడిషన్ ఉందండి" అనలేం కదా. ఇది కూడా లెక్కలోకి రాదు.

జూన్ 12

రేపల్లె. చీరల సేల్ రికార్డు పెట్టుకుని ఆటోలో తిరుగుతున్నాం. నేను నోరు తెరవలేదు. డ్రైవరు రెహమాన్ మామ. మిల్లుల దగ్గర రంగమ్మ అనే ఆమె ఆటోకి అడ్డం నిలబడింది.

"మైకబ్బాయ్! ఆగయ్యా. నా గేదె పోయింది."

"నేను చెప్పనమ్మా. ఒట్టు పెట్టుకున్నా."

"ఏమని? నోరు తెరవనని ఒట్టా? తెరిచే ఉందిగా! చూడి గేదె నాయనా, రేపో మాపో ఈనుద్ది. ఏ కాలవలో పడిందో."

కొంగు నోట్లో కుక్కుకుంది. మామ నన్ను చూశాడు. నేను రోడ్డు చూశా.

"ఒక్కసారి రికార్డు చెయ్యరా. నేను తిప్పుతా. నీ గొంతు మిగులుద్ది" అన్నాడు మామ.

నిజమే. పైగా అరిస్తే గొంతు పోతుంది, పాడితే సాధన అవుతుంది! బుర్రంటే ఇది! చేతిలో ఉన్న బాణీ ఒకటే. అందులోకి గేదెని ఎక్కించా:

రేపల్లె ఊరిలో రెండో వార్డులో
కనపడకపోయెనే కాటుక రంగు గేదె!

సాయంత్రం ఊక కొట్టంలో దొరికింది. పడుకుని నెమరేస్తోంది. రంగమ్మ నా బుగ్గలు పట్టుకుని ఏడ్చింది. సాధన బాగా జరిగింది.

జూన్ 16

గేదె దొరికి నాలుగు రోజులైంది. ఈనింది కూడా. రెహమాన్ మామ మాత్రం ఆటో మైకులోంచి ఆ రికార్డున్న మెమరీ కార్డు తియ్యలేదు!

"బాగుందిరా. ఎక్కినోళ్ళంతా మళ్ళీ పెట్టమంటున్నారు."

"దొరికిన గేదెని ఎన్నాళ్ళు వెతుకుతావు మామా!"

రేపల్లె బండిలో పిల్లలు కిటికీలు బాదుతూ పాడుతున్నారు. ఎవడో దానికి డప్పు కలిపి ఫోన్లో వదిలాడు. లక్షల మంది చూశారు. పేరు? "రేపల్లె గేదె". నా పేరు ఎక్కడా లేదు!

షాహీనా గంతులేసింది. "భాయ్, నీ పాట జనం నోట్లో ఆడుతోంది! రెండో రూలు!"

"నా పాట కాదే. గేదె పాట."

కోపంలో గోలీసోడా. ఐసు వేసి.

జూన్ 22, ఆదివారం. బాపట్ల.

ఫంక్షన్ హాలు నిండింది. ఇస్త్రీ చొక్కా. కళ్ళు మూసుకుని ఎత్తుకున్నా: "రేపల్లె బండిలో..."

హాలు లేచింది. "కాటుక రంగు గేదె!" వెనక వరసలు, ముందు వరసలు, టీ ఇచ్చేవాడు కూడా. నేను కళ్ళదానా అంటే వాళ్ళు గేదె అంటున్నారు. కృష్ణకాంత్ కాలుతో తాళం వేస్తున్నాడు. ఒక్క క్షణం, సెలక్టయిపోయా అనుకున్నా.

"జానపదం బాగా పాడావు బాబూ. కానీ మేం అడిగింది సొంత పాట."

"బాణీ నాదే సార్."

"హాలంతా పాడుతోంది. హాలంతటికీ తెలిసిన పాట నీదెలా అవుతుంది?"

ఐదో తేదీ రీల్ చూపించా. "చూసింది ఇంతమందేనా? అయితే లేనట్టే."

"జనం నోట్లో ఉండాలని మీరే అన్నారు కదండి?"

"అన్నాను. ఎవరూ విని ఉండకూడదని కూడా అన్నాను."

"రెండూ ఒకే పాటకి ఎలా కుదురుతాయి సార్?"

"కుదిరినవాళ్ళనే తీసుకుంటాం. సరే, నీ కథేంటి? నాన్నగారు...?"

"బాగున్నారండి. పరుపులు కుడతారు."

ఆయన ముఖం వాడిపోయింది. మా అబ్బా బాగున్నాడని అంత బాధపడ్డవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

పక్కనున్న అమ్మాయితో అన్నాడు: "ఆ గేదె పాట రాసుకో. మన సింగర్‌తో చేయిద్దాం. జానపదమే కదా, ఎవరి పేరూ వెయ్యక్కర్లేదు."

మైకు లాక్కున్నా. "దొంగల్లారా! అది నా..."

మైకు కట్. ఆ సౌండ్ కుర్రాడి మీద కోపం రాలేదు. నేనైనా అక్కడే కట్ చేసేవాణ్ణి.

జూన్ 23

చీరల సేల్ చెప్పా. కంటి శిబిరం చెప్పా. కరెంటు కోత చెప్పా. అన్నీ నోటితోనే, గొంతు చిరిగేదాకా. గోలీసోడాలు మూడు.

ఓనరు ఎగతాళి చేస్తాడనుకున్నా. తిట్టినా బాగుండేది. తన టీ నాకిచ్చాడు.

పాట లేదు, గీట లేదు. ఈ డైరీ కూడా బంద్.

జూన్ 25. ఉదయం 6.

మొదలు! నోటితో అనౌన్స్‌మెంటు చెయ్యను. వేడినీళ్ళు. కాలవ గట్టు. కొత్త బాణీ. ఒట్టు మీద ఒట్టు.

ఉదయం 8.

రంగమ్మ ఫోను.

"మైకబ్బాయ్! గేదె మళ్ళీ పోయింది నాయనా. దూడ ఒకటే అరుపు. ఆ పాటే పెట్టయ్యా, దానిక్కూడా అలవాటైంది."

ఫోను కట్ చేద్దామనుకున్నా. వెనక నిజంగానే దూడ అరుస్తోంది.

"పెడతానమ్మా. కానీ పాట చివర నా పేరు చెప్తా."

"నీ పేరెందుకయ్యా? పోయింది గేదె కదా, నువ్వు కాదుగా?"

రికార్డు నొక్కి పాట పాడా. గేదె రంగు చెప్పా, కొమ్ములు చెప్పా, రంగమ్మ ఇల్లు చెప్పా. తర్వాత నిదానంగా, స్పష్టంగా, కంటి శిబిరం తేదీ చెప్పినట్టు మూడుసార్లు చెప్పా: "ఈ పాట, ఈ బాణీ, ఈ గొంతు... అన్సార్, తెనాలి."

కార్డు రెహమాన్ మామకి ఇచ్చా. "గేదె దొరికినా తియ్యొద్దు మామా" అన్నా.

ఒట్టులో చిన్న సవరణ: పేరు లేకుండా నోరు తెరవను. ఇది మొదటి రోజు.