అరవై వరసల అల్లికలో ఆరు తప్పులు

బావకు,

నీ మరదలు రాస్తున్నాను. ఇక్కడ నేనూ అత్తయ్యా క్షేమం. నువ్వు కూడా ఆ ఓడ ఇంజన్ గదిలో వేళకి తింటూ, వేళకి పడుకుంటూ కులాసాగా ఉన్నావనుకుంటున్నాను. నీ ఉత్తరం పోయిన వారం అందింది. కవరు మీద గ్రీజు వేలిముద్ర చూసి అత్తయ్య, "వీడు ఆ చేతులతోనే అన్నం కూడా తింటున్నాడేమో అడుగు" అంది. అడిగాను.

ఈ ఉత్తరం మొదలుపెట్టడం ఇది నాలుగోసారి. మూడు కాగితాలు చింపేశాను. మధ్యలో లేచి గిన్నెలు తోమాను. తోమినవే మళ్లీ తోమాను. రాత గజిబిజిగా ఉంటే ఏమీ అనుకోకు.

ముందు నువ్వడిగినవి. వంటింటి కుళాయి బాగైంది. ప్లంబరు వచ్చి, "దీన్ని ఇంతకు ముందు ఎవరు బిగించారమ్మా?" అని అడిగాడు. నువ్వని చెప్పకుండా ఇంటి పరువు కాపాడాను. అత్తయ్య మోకాలు మెట్లెక్కేటప్పుడు నొప్పి పెడుతోంది, మందు వేసుకోమంటే మాత్రం తగ్గిపోయిందంటుంది. ఇక మూడోది, నా డ్యూటీ వేళలు మారాయా అని అడిగావు. ఆ సంగతి తర్వాత రాస్తాను.

అసలు వార్త ఏమిటంటే, గుడ్లగూబ పెట్టె దొరికింది!

నిజం బావా. పోయిన సెలవులో మనిద్దరం మూడు వారాలు తలలు బద్దలు కొట్టుకుని, చివరికి నువ్వు "వీడి బొంద, వదిలేయ్" అన్న పెట్టే. వెబ్‌సైట్‌లో పెట్టి ఆరేళ్లైనా నలుగురికే దొరికింది. ఐదోది మన పేరు. 'దారి తప్పిన జంట' అని నా చేత్తో రాసి, తేదీ వేసి వచ్చాను.

దాన్ని విప్పింది ఎవరనుకున్నావు? మీ అమ్మ.

ఆదివారం భోజనాలయ్యాక నేను ఆ బొమ్మ ముందేసుకుని కూర్చున్నాను. అదే, ఊలుతో అల్లిన పట్టీ ఫోటో. అడ్డంగా పది కుట్లు, నిలువునా అరవై వరసలు. ఎత్తు కుట్టుకి ఒకటి, పల్లపు కుట్టుకి సున్నా అంటూ నువ్వు రెండు నోటుబుక్కులు నింపింది గుర్తుందా? అత్తయ్య కళ్లజోడు సవరించుకుంటూ నా భుజం మీద నుంచి తొంగి చూసింది.

"ఎవరే ఈ పిచ్చి అల్లిక అల్లింది?"

"ఎవరో అత్తయ్యా. ఇది ఆట. ఒకాయన ఎక్కడో ఒక డబ్బా దాస్తాడు. దాచిన చోటు తిన్నగా చెప్పకుండా ఇలాంటి చిక్కు పెడతాడు. విప్పితే అంకెలు వస్తాయి. ఫోన్లో ఆ అంకెలు కొడితే అక్షాంశం, రేఖాంశం చూపించి ఆ చోటికి తీసుకెళ్తుంది. డబ్బాలో పుస్తకం ఉంటుంది, సంతకం పెట్టి రావాలి."

"డబ్బా తెచ్చుకోవా?"

"తెచ్చుకోకూడదు. మళ్లీ అక్కడే పెట్టెయ్యాలి."

"మరి పోవడం దేనికి? వాడికీ పనిలేదు, మీకూ పనిలేదు" అంది. అన్నదే కానీ కదల్లేదు. ఊలు మిల్లులో ముప్ఫై ఏళ్లు తనిఖీ చేసిన కళ్లు కదా, బట్ట కనిపిస్తే ఊరుకుంటాయా! ఫోటో మీద వేలు పెట్టి కింద నుంచి పైకి జరుపుకుంటూ పోయింది. "ఇక్కడ కుట్టు జారింది. ఇక్కడ ఇంకోటి. ఇదిగో, ఇక్కడా..." మొత్తం ఆరు. "చూడు, చెయ్యి ఎంత సమంగా ఉందో. ఇంత బాగా అల్లే మనిషి ఇన్ని తప్పులు చెయ్యదు. కావాలని వదిలింది."

ఆరు తప్పులు! మనకి కావలసినవి ఆరంకెలే. ముందు అంకెలన్నీ వాడే ఇచ్చాడు, చివరివే దాచాడు. ఒక్కో తప్పుకి ముందు ఆ వరసలో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెడితే ఒక అంకె. గబగబా లెక్క రాసుకున్నాను. అత్తయ్య ఇంకా ఏదో చెబుతూనే ఉంది, వినకుండా చెప్పులు తొడుక్కుని పరిగెత్తాను. ఈ మధ్య నా పద్ధతి అంతే. ఎవరి మాటా చివరిదాకా వినను. కూర్చుంటే నిలబడాలనిపిస్తుంది, నిలబడితే నడవాలనిపిస్తుంది.

ఫోన్ నన్ను లారీల షెడ్డు దగ్గరికి తీసుకుపోయింది. పెద్ద ఇనప గేటు, పక్కన ఎత్తు గోడ. పెట్టె పెట్టే చోటే కాదు. అయినా గంటసేపు వెతికాను. గోడ సందులు, డ్రైనేజీ మూత, కరెంటు స్తంభం. కాపలా మనిషి వచ్చి, "ఎవరు కావాలమ్మా?" అన్నాడు.

"అడ్రసు ఇదే" అన్నాను.

"ఏ అడ్రసు?"

ఫోన్ ఆయన మొహం ముందు పెట్టి, "ఇదే, ఇదే, నేను సరిగ్గానే లెక్కపెట్టాను" అని గట్టిగా అరిచాను బావా. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. గేటు పక్కన దిమ్మ మీద కూలబడి ఏడ్చాను. పాపం ఆయన మంచినీళ్లు తెచ్చిచ్చి, నేను లేచేదాకా దూరంగా నిలబడ్డాడు. పెట్టె దొరకనందుకు ఎవరైనా అంత ఏడుస్తారా?

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "ఎటు నుంచి లెక్కపెట్టావు?" అంది తల ఎత్తకుండా.

"ఎడమ నుంచి కుడికి. పై నుంచి కిందికి."

"అదేమన్నా ఉత్తరమా చదవడానికి? అల్లిక కింద నుంచి పైకి పెరుగుతుంది. ఒక వరస కుడి నుంచి పోతుంది, పట్టీ తిప్పుతాం కాబట్టి పై వరస ఎడమ నుంచి వస్తుంది. చెబుదామంటే ఆగావా?"

ఇద్దరం కూర్చుని మళ్లీ లెక్కపెట్టాం. ఈసారి అంకెలు పాత గ్రంథాలయం వెనక పార్కులో పడ్డాయి. "నేనూ వస్తాను" అంది అత్తయ్య. మోకాలన్నాను. "మోకాలు నాది" అంది.

మర్నాడు సెలవు పెట్టానని చెప్పాను, ఇద్దరం పొద్దున్నే పోయాం. ఆ అంకెలు చూపించిన చోట ఒక చెట్టు ఉంది. బోదె ఇద్దరు కలిసి పట్టుకుంటే గానీ అందదు. ఇద్దరు మనుషుల ఎత్తులో కొమ్మ చీలిన చోట పిట్టగూడులా చిన్న చెక్కపెట్టె, తీగతో కట్టి ఉంది. కింద నిలబడితే ఆకుల్లో కలిసిపోయింది. అత్తయ్యే ముందు చూసింది, చెప్పక్కర్లేదు. నేను బెంచీ వీపు మీద నిలబడి, మొదటి కొమ్మ పట్టుకుని, బెరడుకి మోచేతులు గీరుకుంటూ పైకి పాకాను. చిన్నప్పుడు మనిద్దరం ఎక్కిన చెట్లన్నీ ఒళ్లు మర్చిపోయింది కానీ, మెల్లగా ఎక్కేశాను. గూడు ముందు పలక పక్కకి జరిగింది. లోపల రేకు డబ్బా, డబ్బాలో నోటుపుస్తకం, పెన్సిలు. సంతకం పెట్టాను. "దొరికిందత్తయ్యా!" అని కేకేశాను. అత్తయ్య చప్పట్లు కొట్టింది. డబ్బా మళ్లీ లోపల పెట్టి, పలక మూసి, కిందికి చూశాను.

అంతే. కాళ్లు బిగుసుకుపోయాయి. కొమ్మని కావలించుకుని కళ్లు మూసుకున్నాను.

"దిగవే" అంది అత్తయ్య.

"దిగలేను."

"ఎందుకు దిగలేవు?"

"తెలీదు. దిగలేను."

అత్తయ్య గొంతు మార్చి, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంట్లో సాధన చేసిన మాటలు అచ్చం నాలాగే అంది. "నమస్కారం, అంబులెన్స్ కేంద్రం. భయపడకండి. మీరెక్కడున్నారో చెప్పండి."

"వేళాకోళం వద్దత్తయ్యా."

"అడ్రసు చెప్పండమ్మా, బండి పంపాలి. ఇంటి నంబరు ఎంత?"

"నలభై ఏడు" అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలియదు, నోట్లోంచి వచ్చేసింది. ఆ వెనకే మిగతాదంతా కూడా. కొమ్మ మీద వేలాడుతూ మీ అమ్మకి చెప్పిందే నీకూ ఇప్పుడు చెబుతున్నాను బావా. నీ మూడో ప్రశ్నకి జవాబు ఇదే. నా డ్యూటీ వేళలు మారలేదు. నాకు డ్యూటీయే లేదు. ఐదు వారాలుగా నన్ను కుర్చీలోంచి లేపేశారు.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఒకావిడ ఫోన్ చేసింది. భర్త వడ్రంగి, పని చేస్తూ చేస్తూ కూలబడ్డాడట. నోరు ఒక పక్కకి పోయింది, మాట ముద్దగా వస్తోంది అంది. ఇంటి నంబరు నలభై ఏడు అంది. నేను డెబ్బై నాలుగు కొట్టాను. వెనకాల ఇంకో లైను మోగుతోంది, పక్క కుర్చీ ఆవిడ ఏదో అడుగుతోంది. అవేవీ సాకులు కావు. నేను నలభై ఏడనే విన్నాను, వేళ్లు డెబ్బై నాలుగు కొట్టాయి. బండి పోయి ఎవరిదో తాళం వేసిన ఇంటి ముందు నిలబడింది. తిరిగి సరైన ఇంటికి చేరేసరికి పదకొండు నిమిషాలు పోయాయి. పక్షవాతానికి పదకొండు నిమిషాలంటే ఏమిటో నాకు తెలుసు. శిక్షణలో నేనే పదిమందికి చెప్పాను.

ఇంతవరకు తప్పు. దాచింది ఇది కాదు.

ఆ సాయంత్రం సూపర్‌వైజర్ పిలిచి, "ఏమైంది?" అని అడిగారు. "ఆవిడ నంబరు తడబడి చెప్పింది, సరిగా వినపడలేదు" అన్నాను. రికార్డింగులో సరిగ్గా ఆ మాట దగ్గరే మోటారుసైకిలు చప్పుడు ఉంది. ఎలాగైనా వాదించవచ్చు. నా మాటే రాసుకున్నారు. విచారణ తేలేదాకా సెలవులో ఉండమన్నారు. అప్పటి నుంచి రోజూ యూనిఫాం వేసుకుని, క్యారేజీ పట్టుకుని, అత్తయ్యకి వెళ్లొస్తానని చెప్పి వీధులు పట్టుకు తిరిగాను. ఊళ్లో ఉన్న పెట్టెలన్నీ వెతికాను. పదిహేడు దొరికాయి. నీకు రాసిన రెండు ఉత్తరాల్లోనూ "డ్యూటీ మామూలే" అని రాశాను.

అంతా విని అత్తయ్య అడిగిన మొదటి మాట, "ఆయన బతికాడా?"

"తెలీదు. అడగలేదు."

"ఐదు వారాలు అడగలేదా?"

"భయమేసింది."

అప్పుడు ఆవిడ బెంచీ మీంచి లేచి, చెట్టు మొదటికి వచ్చి, తల పైకెత్తి చూసింది. ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు బావా. "మిల్లులో తప్పు చేసినవాళ్లని రోజూ చూసేదాన్ని. ఎవరెవరో ఒక్కరూ గుర్తులేరు. తన తప్పు పక్క మిషనుదాని మీదకి తోసినవాళ్లు మాత్రం పేర్లతో సహా గుర్తున్నారు. నువ్వు ఆ లెక్కలోకి రావద్దు. కుడికాలు కింద కొమ్మ ఉంది, జానెడు దూరం. పెట్టు."

పెట్టాను. "ఎడమచెయ్యి వదులు. వదలవే, నేను చూస్తున్నాను కదా." వదిలాను. అలా ఒక్కో కాలూ ఒక్కో చెయ్యీ చెప్పి దించింది. కిందికి దిగాక నన్ను దగ్గరికి తీసుకోలేదు. జుట్టులో ఆకులు తీసి, "పద, ఫోన్ చెయ్యి" అంది.

సూపర్‌వైజర్‌కి అక్కడే చేశాను. ఆ వడ్రంగి బతికాడు. ఎడమ చెయ్యి మాత్రం పట్టు దొరకడం లేదట. వడ్రంగికి చెయ్యి, బావా. విచారణ గురువారం అన్నారు, ఆయన భార్య కూడా వస్తోందన్నారు.

నిన్నే గురువారం. పొడుగు బల్ల, అటు ముగ్గురు అధికారులు, ఇటు నేను, గోడ పక్కన కుర్చీలో ఆవిడ. ఫోన్లో విన్న గొంతుకి మొహం పెట్టి చూడటం అదే మొదలు. నాకంటే చిన్నది. సంచీ ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుని ఉంది. ఒక అధికారి నా మాట రాసుకున్న కాగితం చదివి, "ఇందులో మార్చవలసింది ఏమైనా ఉందా?" అని మామూలుగా అడిగారు. ఉందన్నాను. లేచి నిలబడి చెప్పాను. ఆవిడ నంబరు సరిగ్గా చెప్పింది, నేను సరిగ్గా విన్నాను, తప్పు కొట్టింది నేను, అబద్ధం చెప్పింది నేను.

ఆవిడ కుర్చీలోంచి లేచింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను.

"నేను నలభై ఏడనే చెప్పానా?"

"అవునండీ."

"తడబడలేదా?"

"లేదండీ. స్పష్టంగా చెప్పారు."

"ఇంకోసారి చెప్పండి" అంది. చెప్పాను. అప్పుడు ఆవిడ అందరి ముందూ ఫోన్ తీసి ఇంటికి చేసింది. "ఇదిగో, నేను సరిగ్గానే చెప్పానట" అంది. అవతల నుంచి ఏమన్నారో వినపడలేదు. "మీ అమ్మకి కూడా చెప్పు. మీ అక్కకి కూడా. నేను సరిగ్గానే చెప్పానట" అంటూ అలాగే కూర్చుండిపోయి, సంచీలో మొహం పెట్టుకుని ఏడ్చింది.

ఐదు వారాలు ఆ ఇంట్లో ఆవిడని ఏమేమి అని ఉంటారో నాకప్పుడు అర్థమైంది.

పోయేటప్పుడు నా పక్కగానే పోయింది. క్షమించానని అనలేదు. నా వైపు చూడనూ లేదు. నిర్ణయం పది రోజుల్లో చెబుతామన్నారు. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. ఉన్నా ఫోన్ ముందు కూర్చోనివ్వరేమో.

నీకు కోపం వస్తుందని తెలుసు. రానీ. దాచుకోకుండా రాయి. అత్తయ్య ఈ ఉత్తరం చదువుతానంది, ఇచ్చాను. చదివి, "అంతా సరిగ్గానే రాశావు" అని మాత్రం అని, పోస్టుకి తనే తీసుకెళ్తానని చెప్పులు వేసుకుంటోంది.

ఇట్లు,
నీ మరదలు