పుట్టువెంట్రుకలు

మారండహళ్ళి

చిరంజీవి నాగరాజన్‌కు అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం తింటున్నాం, తిరుగుతున్నాం, క్షేమమనే అనుకో. సూరత్‌లో నీ జ్వరం తగ్గిందని రాశావు, సంతోషం. అక్కడి తీపి పప్పు గురించి ఇక ఏడవకు, పులుసుపొడి పంపాను.

దుకాణం సంగతి అడిగావు. బాగానే నడుస్తోంది, గల్లా దగ్గర నేనే కూర్చుంటున్నాను. నీ పెళ్ళాం మధుమిత కూర్చుంటే ప్రతి తూకంలో ఓ బెల్లం ముక్క ఎక్కువే పోతుంది, ఆమె మనసు అంత మెత్తన.

ఫోను చేయకుండా ఉత్తరమేమిటని నవ్వకు. ఈ ఇంట్లో తెలుగు అక్షరాలు చదవగలిగింది మనిద్దరమే. మధుమితకు తమిళం చదవడమే వచ్చు. ఈ కాగితం ఆమె కంటబడినా ఫరవాలేదు.

కీర్తిక చెవి ఆపరేషను ఏమైందని అడిగావు. సోమవారం పిల్లను ధర్మపురిలో చెవి పరీక్షలు చేసే ఇలక్కియా దగ్గరకు తీసుకెళ్ళాం. మెషీన్లు ఇప్పుడు చాలా మెరుగయ్యాయట. ఏడాది నిండని పసివాళ్ళకు కూడా చెవి లోపల అమర్చుతున్నారట, ఆ పిల్లలు బడికెళ్ళి పాఠాలు అప్పజెబుతున్నారట. "మా పాప నన్ను అమ్మా అని ఎప్పుడు పిలుస్తాది?" అని మధుమిత అడిగింది. ఇలక్కియా పరీక్ష కాగితాలు పక్కన పెట్టి చెప్పింది. చిన్నతనంలో ఏమీ వినకపోతే మెదడులో వినికిడికి ఉన్న చోటును చూపు ఆక్రమించుకుంటుందట. ఆరేళ్ళు దాటాయి కనుక ఉచిత పథకం వర్తించదట. ఎలాగో చేయించినా చప్పుడు వినబడుతుందేమో గానీ, మాటలు వస్తాయని చెప్పలేనంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆసుపత్రి వాళ్ళు ఫోను చేయలేదని నీకు చెప్పాను. చేశారు, మూడుసార్లు చేశారు. ఫారంలో ఉన్నది దుకాణం నంబరే కదా, ఎత్తింది నేనే. జుట్టు గొరిగి చెవి వెనక కోస్తామన్నారు. ఇంటిదేవుడికి పుట్టువెంట్రుకలు ఇవ్వని తలమీద కత్తి ఎలా పెట్టనిస్తాను? ఇద్దామంటే జాతరలో దాయాదులందరూ నిలబడాలి. నీ పెదనాన్న కొడుకులేమో మొదటి హారతి ఎవరికన్న గొడవలో రెండేళ్ళు జాతరే జరగనివ్వలేదు. అందుకని మొదటిసారి పిల్లకు జ్వరమన్నాను. రెండోసారి ఊళ్ళో లేమన్నాను. మూడోసారి, మీ వరుస వేరే పిల్లకు ఇవ్వమంటారా అని అడిగారు. ఇచ్చేయండన్నాను.

జాతర జరిగింది, గుండు చేయించాం. అప్పటికి పిల్లకు ఆరు నిండి తొమ్మిది రోజులు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. పాపిష్టిదాన్ని, నాకు తెలుసు.

మధుమితకు చెప్పలేదు, నువ్వూ చెప్పకు. తెలిస్తే పిల్లను ఎత్తుకొని మహేంద్రమంగళం పుట్టింటికి పోతుంది. కీర్తిక లేని ఇంట్లో నేను ఒక్క పూట బతకలేను. ఆమె ఆసుపత్రికి వెళ్ళి అడిగితే, పిలిచాం, మీరు రాలేదన్నారట. ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చుంది. "ఫారంలో నంబరు తప్పు రాసినావేమో చూడు" అన్నాను. నమ్మింది.

నిన్న పొద్దున వంటింట్లో నా కాళ్ళమీద పడింది. "నా చేతులారా నా బిడ్డని మూగదాన్ని చేసినాను అత్తా, మన్నించండి" అని ఏడ్చింది. లేపి, కళ్ళు తుడిచి, మన్నించానన్నాను.

ఇట్లు,
నిన్ను కన్న తల్లి
కమలవేణి