పక్క సీటు పెద్దావిడ

ఏమండీ, నేను క్షేమం. రెండు సరిహద్దులు దాటాను.

రెండు రైళ్లలోనూ ఒకే పెద్దావిడ నా పక్క సీటులో ఉంది. తన ఊరు చెప్పదు, నేను వెళ్లే దారి మాత్రం కూపీ లాగుతుంది. నిన్న భోజనం కాగానే, "బీపీ మాత్ర వేసుకున్నావా అమ్మా?" అంది. నాకు బీపీ ఉందని ఆవిడకు చెప్పనేలేదు. ఒంటరిగా వెళ్లిరమ్మని తలూపి, వెనకాల మనిషిని పంపారా?

వంటింటి కుళాయి బాగుచేయించారా? నీళ్ల మోటారు వేసి మరిచిపోకండి.

రేపటి రైలుకే వస్తానని ఆవిడతో చెప్పాను. కానీ తెల్లారగానే చవక బస్సెక్కి పక్క దేశం మీదుగా వెళ్తాను. ఈ కార్డు అందేసరికి ఆవిడ నా కోసం స్టేషన్లన్నీ వెతుకుతూ ఉంటుంది. మీ మనిషే అయితే ఇంటికి వచ్చేయమనండి. ఆవిడ టిక్కెట్ల ఖర్చు మాత్రం నా ప్రయాణం పద్దులో రాయకండి.

పిల్లలిద్దరికీ నా దీవెనలు.

మీ ఇంటావిడ