ఇంకో ఎండ

కరీముల్లా బాబాయ్,

నువ్వు పోయాక ఇది రెండో కోతల కాలం. ధాన్యంలో తేమ చూసే మన మీటరు గుర్తుందిగా? అది తయారుచేసే నా కంపెనీలో పెట్టుబడి పెట్టేవాళ్ల కోసం నెల రోజులుగా కాగితాలు, స్లైడ్లు తయారుచేస్తున్నాను.

తెనాలిలో నాన్న రైస్ మిల్లు గేటు దగ్గర నువ్వు గింజ కొరికి, "ఇంకో ఎండ పడాలండి" అని ట్రాక్టర్లు వెనక్కి పంపేవాడివి. పక్కన నిలబడి నేనూ కొరికేదాన్ని. పన్ను నొప్పే తప్ప నాకేమీ తెలిసేది కాదు. అందుకే మొదటి మీటరు తెర మీద నీ మాటలే పెట్టాను: 'చాలు', 'ఇంకో ఎండ', 'రెండు ఎండలు'.

శాతాలుంటేనే పెట్టుబడిదారులు నమ్ముతారని మా సలహాదారు అన్నాడు. నాకూ సిగ్గనిపించి ఆ మాటలు తీసేశాను.

నిన్న వాళ్లను రేపల్లె దగ్గర ఒక కళ్లానికి తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన మీటరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంకె బాగానే ఉందమ్మా. ఇంతకీ ఇంకో ఎండ పడాలా, వద్దా?"

పెట్టుబడి పెట్టడానికి వచ్చినావిడ నావైపు తిరిగింది. "ఆ మాట మీ మీటరే చెప్పొచ్చు కదండి?"



డబ్బు సంగతి వాళ్లింకా తేల్చలేదు. నీ మాటలు మాత్రం రాత్రే మళ్లీ తెర మీదికి తెచ్చాను. ఇవాళ పొద్దున బాపట్ల ట్రాక్టరొకటి మన మిల్లు గేటు దగ్గర ఆగితే, మీటరు పెట్టకముందే ఓ గింజ కొరికాను. నాకు చాలనిపించింది. తెర మీద 'ఇంకో ఎండ' అని పడింది.

ఎప్పటిలాగే నీ మాట విని, ట్రాక్టరు వెనక్కి పంపాను.