నీ పేరు మీద రెండో చుక్క

రజితక్కా,

ఇంట్లో అందరూ నన్ను అనుమానపు పక్షి అంటున్నారు. నేను అనుమానించింది మనుషులను కాదు, ఒక డబ్బాను. నీ నీరసాన్ని బద్ధకమన్న ఇల్లే ఇది. అది థైరాయిడ్ అని నువ్వు పోయాక తెలిసింది.

నిన్న బూర్గంపాడులో థైరాయిడ్ పరీక్షల క్యాంపు పెట్టారు. వేలి నుంచి తీసిన రక్తపు చుక్కను పట్టీ మీద వేస్తారు. హార్మోనుకు అతుక్కున్న సన్నటి బంగారు రేణువులు వెలుగు తగిలితే వేడెక్కుతాయి. ఆ వేడిని కొలిచి హార్మోను ఎంతుందో డబ్బా చెబుతుంది. బీఎస్సీ చదివాను కాబట్టి అంతవరకు అర్థమైంది. కానీ ఆ డబ్బాను కిటికీ పక్కన, నేరుగా ఎండలో పెట్టారు. ఎండ వేడి కలిస్తే లెక్క తప్పదా?

నాకు నార్మల్ అని వచ్చింది.

"ఇంకోసారి చూడండి సార్."

"మనిషికి ఒక్కసారే మేడం. మిషన్ అబద్ధమాడతదా?" అని డబ్బా దగ్గర కూర్చున్నాయన నవ్వాడు.

"మంచిగుందన్నరు గదా, ఇంకేందే నీ లొల్లి?" అని విసుక్కుని, నా వెంట వచ్చిన అమ్మ ఇంటికి పోయింది.

ఎండ కిటికీ దాటేదాకా ఆగాను. అప్పటికి డబ్బా దగ్గర వేరే అమ్మాయి కూర్చుంది. పేరడిగితే నీ పేరు చెప్పి, సూది గుచ్చని ఎడమ చేయి చాపాను.

"రజితగారూ, హార్మోను హద్దు దాటింది. జల్దీ డాక్టరుకు చూపించుకోన్రి," అంది.

నీకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

ఒకే రక్తానికి రెండు జవాబులు. నేను రెండూ నమ్మను. రేపు ఖమ్మంలో ల్యాబుకు పోయి నరం నుంచి రక్తం ఇస్తాను. నా పేరు మీదనే.