పచ్చ చుక్క వైపు చూడమన్నారు

సువార్తా,

వందనాలు. నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళి నాలుగు నెలలు దాటింది. నేను బాగున్నానని రాస్తే అబద్ధమవుతుంది...

నువ్వు ముందు అడిగేది తెలుసు, కంటికి వెళ్ళానా అని. నువ్వు పోయాక మానేశాను. కుడి కన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన ఎడమ కంటికి నెలనెలా సూది, దానికి ముందు కంటి లోపలి పొర ఫొటో, నరసాపురం నుంచి రాజమండ్రి బస్సు... ఇదంతా ఇక ఎవరికోసం? చూడకుండా నమ్మమని ఇన్నేళ్ళు ప్రసంగాల్లో గర్జించినవాణ్ణి, చూడకుండానే ఉండిపోదామనుకున్నాను. అది విశ్వాసం కాదు, అలసట.

పోయిన ఆదివారం ప్రార్థన కూటంలో బైబిలు గ్రంథం తెరిస్తే, చదవాల్సిన మాట ఉన్నచోట మసక. చుట్టూ అక్షరాలున్నాయి, మధ్యలో లేవు. కంఠతా వచ్చిన వచనమే, అయినా సగంలో ఆగిపోయాను. నీకోసం ఏడుస్తున్నాననుకుని అందరూ తలలు వంచారు.

మంగళవారం బస్సెక్కాను. రావులపాలెంలో అరటి లారీల వెనక చాలాసేపు ఆగింది.

ఫొటో గదిలో గడ్డం ఆనించి పచ్చ చుక్క వైపు చూడమన్నారు. అది కనబడితేగా? ఇదివరకు నువ్వు ఆ మెషిన్ వెనక నిలబడి, "ఇటండీ, నా గొంతు వైపు. కూటంలో నన్ను చూసే కదా కేకలేస్తారు, అలాగే చూడండి" అనేదానివి. నవ్వాపుకుంటూ అటే చూసేవాణ్ణి. కన్ను కదిలేది కాదు.

ఈసారి కదిలిపోయింది. మళ్ళీ తీశారు, మళ్ళీ అంతే. పాత ఫొటోలో ఉన్న చోటే పడకపోతే లోపలి నీరు పెరిగిందో తగ్గిందో పోల్చలేరట. ఇంకోరోజు రమ్మన్నారు. లేచి వచ్చేస్తే మళ్ళీ వెళ్ళనని నాకు తెలుసు...

కంట్లో చుక్కలు వేసే అమ్మాయిని పిలిచి, నువ్వు నిలబడే చోట నిలబడి ఏదైనా మాట్లాడమని బతిమాలాను. పాపం, సిగ్గుపడుతూనే వాళ్ళ అక్క పెళ్ళిచూపుల సంగతి చెప్పింది. వచ్చినవాళ్ళు కాఫీలో పంచదార తక్కువన్నారట.

ఫొటో వచ్చింది. నీరు బాగా పెరిగిందట. తగ్గుతుందా అనడిగాను. సూది వేసి, నెల పోయాక మళ్ళీ ఫొటో తీస్తేగాని చెప్పలేమన్నారు డాక్టరుగారు. వేయించుకున్నాను.

నల్లద్దాలు పెట్టుకుని తిరిగొస్తుంటే నీకేదో ద్రోహం చేసినట్టనిపించింది. నీది కాని గొంతు వైపు అంత నిలకడగా ఎలా చూడగలిగాను? నువ్వుంటే ఏమనేదానివి?

వచ్చే నెలా వెళ్తాను. మాటిస్తున్నాను. నువ్వు లేని ఆ చోటు వైపే, కన్ను కదపకుండా చూస్తాను.

నీ ఏసురత్నం